కరెంటుకూ నీలి తెరకూ మధ్య: సర్వర్‌ను పడగొట్టే నెట్‌వర్క్ డ్రైవర్

యాసంగి వడ్లు మిర్యాలగూడ మిల్లులకు చేరే రోజులు. సాయంత్రం పూట గాలిదుమారం లేస్తుంది, కరెంటు పోతుంది, పది నిమిషాల్లో మళ్లీ వస్తుంది. కాటా దగ్గర లారీలు వరుస కట్టి ఉంటాయి. ఆఫీసు గదిలో ఫ్యాను ఆగింది, ట్యూబ్‌లైటు ఆరింది. సర్వర్ మాత్రం యూపీఎస్ మీద ఉంది కాబట్టి నడుస్తూనే ఉంది. జనరేటర్ అందుకుంది, లైట్లు వెలిగాయి. అంతా సర్దుకుంది అనుకునే లోపల సర్వర్ తెర నీలంగా మారింది. గుమాస్తా హైదరాబాద్‌లో ఉన్న సర్వీస్ ఇంజనీరుకు ఫోన్ చేస్తాడు: "అన్నా, కరెంటు పోయొచ్చింది, సర్వర్ పడిపోయింది." అవతలి నుంచి జవాబు: "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్ తమ్మీ." ఆన్ అవుతుంది. కాటా చీటీలు మళ్లీ రావడం మొదలవుతుంది. పది రోజుల తర్వాత మళ్లీ అదే ఫోన్, అదే జవాబు.

ఒక మిల్లు అని కాదు. నల్లగొండలో ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్, జడ్చర్లలో గోదాం, మహబూబ్‌నగర్‌లో కాలేజీ ల్యాబ్, ఇలా ఒకే ఒక సర్వర్ మీద పని నడిచే ఏ చోటైనా ఈ సీన్ జరగవచ్చు. అందరూ చెప్పే కారణం కూడా ఒక్కటే: కరెంటు. మహా అయితే ఎండ, కాకపోతే వైరస్. యూపీఎస్ మారుస్తారు, ఎర్తింగ్ మళ్లీ వేయిస్తారు, ర్యామ్ మారుస్తారు. సర్వర్ పడిపోవడం మాత్రం ఆగదు.

ఇక్కడ గుమాస్తా చూసింది అబద్ధం కాదు. కరెంటు పోయి వచ్చినప్పుడే సర్వర్ పడిపోతోంది. అయితే యూపీఎస్ ఉన్నాక కరెంటు సర్వర్‌ను ఎలా తాకింది? జవాబు గోడకు మేకు కొట్టి వేలాడదీసిన చిన్న నెట్‌వర్క్ స్విచ్‌లో ఉండొచ్చు. చాలా చోట్ల సర్వర్ ప్లగ్ యూపీఎస్‌లో ఉంటుంది, స్విచ్ అడాప్టర్ మాత్రం మామూలు ప్లగ్‌లో ఉంటుంది. కరెంటు పోగానే స్విచ్ ఆరిపోతుంది. సర్వర్ నెట్‌వర్క్ కార్డుకు కేబుల్ పీకేసినట్టే లెక్క. జనరేటర్ రాగానే స్విచ్ వెలుగుతుంది, లింకు వస్తుంది, ఒక్కోసారి స్విచ్ పూర్తిగా లేచే లోపల రెండు మూడు సార్లు వచ్చి పోతుంది. ఆ ప్రతి రాకపోకకూ సర్వర్ లోపల ఒక సాఫ్ట్‌వేర్ స్పందించాలి. అదే నెట్‌వర్క్ డ్రైవర్. దానిలో లోపం ఉంటే, ఆ లోపం బయటపడే ఘడియ ఇదే. కరెంటు మీట నొక్కింది, అంతవరకే. పగిలింది మరో చోట.

డ్రైవర్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కూ కార్డుకూ మధ్య నిలబడే సాఫ్ట్‌వేర్. విండోస్‌కో లైనక్స్‌కో ఫలానా కంపెనీ కార్డులో ఏ రిజిస్టర్ ఎక్కడుందో పుట్టుకతో తెలియదు. ఆ వివరం డ్రైవర్‌కు తెలుసు. ఖాతాలు రాసే టాలీ లాంటి మామూలు ప్రోగ్రామ్ తప్పు చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని మూసేసి మిగతావాటిని నడిపిస్తుంది, ఎందుకంటే ప్రతి ప్రోగ్రామ్‌కూ దాని హద్దు దానికి ఉంది. సాధారణంగా డ్రైవర్‌కు ఆ హద్దు లేదు. అది ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ లోపలే, కెర్నల్‌కు ఉన్న హక్కులన్నిటితోనూ నడుస్తుంది. మెమరీలో ఎక్కడైనా రాయగలదు. అక్కడ తప్పు జరిగిందని తెలిసిన క్షణంలో సిస్టమ్ తనంతట తానే ఆగిపోతుంది. విండోస్‌లో దాన్ని బ్లూ స్క్రీన్ అంటాం, లైనక్స్‌లో కెర్నల్ ప్యానిక్. చూడటానికి భయంగా ఉన్నా అది జాగ్రత్త చర్యే. చెడిన మెమరీతో పని కొనసాగిస్తే ఆ చెడు డిస్క్ మీదకు, ఖాతాల్లోకి పాకుతుంది.

డ్రైవర్ల మీద ఈ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 2001లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు లైనక్స్ కెర్నల్ కోడ్‌ను జల్లెడ పట్టి చూస్తే, కెర్నల్‌లోని మిగతా భాగాలతో పోలిస్తే డ్రైవర్లలో తప్పుల రేటు మూడు నుంచి ఏడు రెట్ల దాకా ఎక్కువగా కనిపించింది. కెర్నల్ లోపల నడిచే ఒక్క సాఫ్ట్‌వేర్ ఏం చేయగలదో 2024 జులై 19న లోకమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు కూలిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అది నెట్‌వర్క్ డ్రైవర్ కాదు. కానీ కూలిన తీరు అదే: కెర్నల్‌లో ఉన్న కోడ్ చదవకూడని చోట చదవబోయింది.

నెట్‌వర్క్ డ్రైవర్‌కు మిగతా చాలా డ్రైవర్లకు లేని ఒక చిక్కు ఉంది. వచ్చే డేటా ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో దాని చేతిలో లేదు. గిగాబిట్ లైను మీద చిన్న ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకు 14 లక్షలకు పైగా రాగలవు. ఒక్కో ప్యాకెట్‌ను ప్రాసెసర్ చేత్తో ఎత్తి పెట్టే పని కాదు అది. అందుకే డ్రైవర్ ముందుగానే మెమరీలో కొన్ని ఖాళీ చోట్లు కేటాయించి, వాటి చిరునామాలు ఒక వరుసలో రాసి కార్డుకు ఇస్తుంది. ఈ వరుస చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికి తిరుగుతుంది కాబట్టి దాన్ని రింగ్ అంటారు. ప్యాకెట్ రాగానే కార్డు ప్రాసెసర్‌ను అడగకుండా, రింగ్‌లో తర్వాతి చిరునామా చూసి, నేరుగా మెమరీలో దించేస్తుంది. దీనికే డీఎంఏ అని పేరు. దించాక ఒక ఇంటరప్ట్ ఇచ్చి, సరుకు వచ్చింది చూసుకో అంటుంది.

మిల్లు గోదాముతో చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మేనేజర్ హమాలీలకు చీటీ ఇచ్చాడు: బస్తాలు 14వ లాటులో దించండి. హమాలీలు ప్రతి బస్తాకూ వచ్చి అడగరు, చీటీ చూసుకుని దించుకుంటూ పోతారు. ఈలోగా మేనేజర్ 14వ లాటును ఇంకొకరి సన్న బియ్యానికి ఇచ్చేశాడు, హమాలీల దగ్గరున్న చీటీ వెనక్కి తీసుకోవడం మరిచాడు. పాత చీటీ ప్రకారం దొడ్డు వడ్ల బస్తాలు వచ్చి సన్న బియ్యం మీద పడతాయి. గొడవ ఎప్పుడు తెలుస్తుంది? సన్న బియ్యం వాళ్లు రెండు రోజులకు సరుకు ఎత్తుకోవడానికి వచ్చినప్పుడు. అప్పుడు అరిచేది వాళ్లు, నిలదీసేది ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లను. తప్పు చేసిన మేనేజర్ పేరు ఎక్కడా వినపడదు.

డ్రైవర్ విషయంలోనూ ఇంతే. వదిలేసిన మెమరీ చిరునామా కార్డు దగ్గర మిగిలిపోతే, తర్వాత వచ్చిన ప్యాకెట్ ఎవరి మెమరీలోనో పడుతుంది. ఆ మెమరీ ఇప్పుడు డిస్క్ డ్రైవర్‌దో, డేటాబేస్‌దో కావచ్చు. కూలేది అది తన డేటా చదవబోయినప్పుడు. నీలి తెర మీద దాని పేరే వస్తుంది. నెట్‌వర్క్ డ్రైవర్ లోపాన్ని పట్టడం కష్టం కావడానికి అసలు కారణం ఇదే. ఒకసారి ఒక పేరు, ఇంకోసారి ఇంకో పేరు, మూడోసారి మరో స్టాప్ కోడ్ (నీలి తెర మీది తప్పు నంబర్) వస్తుంటే చాలామంది ర్యామ్ పోయింది అని తేల్చేస్తారు. ర్యామ్‌ను రాత్రంతా మెమరీ టెస్టుకు పెట్టి అందులో తప్పు రాకపోతే, తర్వాత అనుమానించాల్సినవాటిలో నెట్‌వర్క్ డ్రైవర్ ముందుంటుంది.

ఇప్పుడు మళ్లీ కరెంటు దగ్గరికి. మామూలుగా ప్యాకెట్లు పంపే, అందుకునే కోడ్ రోజుకు కోట్లసార్లు నడుస్తుంది, అందులో లోపముంటే కంపెనీ ల్యాబులోనే దొరికిపోతుంది. లింకు పోయి వచ్చినప్పుడు నడిచే కోడ్ అలా కాదు. కార్డును ఆపాలి, రింగ్‌ను ఖాళీ చేయాలి, మెమరీ వదలాలి, మళ్లీ కొత్త రింగ్ కట్టాలి. ఇవన్నీ చేస్తుండగానే ఇంకో ప్రాసెసర్ కోర్ మీద ఆఖరి ఇంటరప్ట్‌కు సంబంధించిన పని ఇంకా నడుస్తూ ఉండొచ్చు. ఒకరు చాప చుడుతుంటే ఇంకొకరు దాని మీదే కూర్చున్నట్టు. ఎవరు ముందు అన్నది మైక్రోసెకన్ల తేడా. తొంభైతొమ్మిది సార్లు ఏమీ కాదు, నూరోసారి పడిపోతుంది. నగరంలోని డేటా సెంటర్‌లో స్విచ్ ఏడాదికి ఒకసారి ఆగితే గొప్ప. గాలివాన సీజన్‌లో పల్లె ఫీడర్ మీద ఉన్న మిల్లులో స్విచ్ రోజుకు నాలుగుసార్లు ఆగుతుంది. అందుకే వేరే చోట ఎప్పుడూ బయటపడని డ్రైవర్ లోపం ఇక్కడ వారం వారం బయటపడుతుంది. "ఇదే మోడల్ మా ఇంకో కస్టమర్ దగ్గర బ్రహ్మాండంగా నడుస్తోంది" అనే జవాబుకు విలువ లేకపోవడానికి కారణం ఇదే.

విండోస్‌లో నెట్‌వర్క్ డ్రైవర్ల లోపానికి తరచుగా కనిపించే గుర్తు స్టాప్ కోడ్ డీ1, 'డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్' అనే పొడుగాటి పేరు. కాస్త దగ్గరగా చూస్తే ఇది చెప్పేది చాలా సూటి విషయం. ఇంటరప్ట్ పని చేసే కోడ్‌కు ఆగే హక్కు లేదు. మెమరీలో చోటు చాలనప్పుడు విండోస్ కొన్ని పేజీలను, అంటే మెమరీ ముక్కలను, డిస్క్ మీదకు దించుతుంది. మామూలు ప్రోగ్రామ్‌కు ఆ పేజీ కావాలంటే డిస్క్ నుంచి వచ్చేదాకా ఆగుతుంది. ఇంటరప్ట్ స్థాయిలో ఉన్న డ్రైవర్ ఆగలేదు. కాబట్టి డిస్క్ మీదకు వెళ్లగల పేజీని అది ముట్టుకోనే కూడదు. ముట్టుకుంటే, ఆ పేజీ నిజంగా డిస్క్ మీద ఉన్నప్పుడు, లేదా ఆ చిరునామా అసలు చెల్లనిది అయినప్పుడు, డీ1 వస్తుంది. ఆ కోడ్ పక్కన నాలుగు సంఖ్యలు ఉంటాయి: ఏ చిరునామా ముట్టుకోబోయింది, అప్పుడు ఏ స్థాయిలో ఉంది, చదవబోయిందా రాయబోయిందా, ఏ చోటున్న కోడ్ ఆ పని చేసింది. మొదటి సంఖ్య సున్నాకో, సున్నాకు దగ్గరి చిన్న అంకెకో సమానంగా ఉంటే, డ్రైవర్ ఖాళీ పాయింటర్‌ను, అంటే ఎటూ చూపని చిరునామాను, నమ్ముకుందని అర్థం. రెండోది తరచుగా 2 ఉంటుంది. నాలుగోది అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే అది ఏ డ్రైవర్ పరిధిలో పడుతుందో చూస్తే పేరు దొరుకుతుంది.

నెలాఖరులో, బ్యాకప్ నడిచే రాత్రుల్లో సర్వర్ ఎక్కువగా పడిపోవడం వెనుక కూడా ఈ లెక్క ఉండొచ్చు. మెమరీ ఖాళీగా ఉన్నన్ని రోజులు ఆ పేజీ ర్యామ్‌లోనే ఉంటుంది, తప్పు జరిగినా శిక్ష పడదు. పని ఒత్తిడి పెరిగి పేజీ డిస్క్‌కు వెళ్లిన రోజున అదే తప్పు సర్వర్‌ను కూలుస్తుంది. "లోడు ఎక్కువై పడిపోయింది" అనడం సగం నిజమే. లోడుకు సర్వర్ నెమ్మదించాలి, కూలిపోకూడదు.

ఈ సాక్ష్యమంతా సర్వర్ తానే రాసి పెడుతుంది. మనం దాన్ని నిలుపుకోవడం లేదు, అసలు బాధ అక్కడుంది. నీలి తెర మీద కనిపించే శాతం నూరుకు చేరేదాకా ఆగకుండా పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే, మెమరీలోని విషయం డిస్క్ మీదకు రాసే పని (దీన్నే డంప్ అంటారు) మధ్యలో ఆగిపోతుంది. ఆ ఒక్క నొక్కుడుతో పది రోజుల నిరీక్షణ వృథా. ఆగమని చెప్పడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. సర్వర్ పక్కన గోడకు ఒక కాగితం అంటించి, "నీలి తెర వస్తే ఫోటో తియ్యాలి, తనంతట తాను రీస్టార్ట్ అయ్యేదాకా ముట్టొద్దు, టైమ్ రాయాలి" అని రాస్తే చాలు.

విండోస్ సర్వర్‌లో డంప్ రాసే సెట్టింగ్ ఆన్‌లో ఉందా, సీ డ్రైవ్‌లో పేజ్ ఫైల్ (మెమరీ పేజీలను దించుకునే ఫైలు) తగినంత ఉందా ముందే చూసుకోవాలి. మెమరీ డాట్ డీఎంపీ అనే డంప్ ఫైలు మామూలు సెట్టింగ్‌లో ఒక్కటే ఉంటుంది, తర్వాతి క్రాష్ దాని మీదే రాస్తుంది. కాబట్టి సర్వర్ లేవగానే ఆ ఫైలును తేదీ పేరుతో వేరే చోటికి కాపీ చేసుకోవాలి. ఇక విండోస్ జరిగినవన్నీ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్. అందులో 41వ నంబర్ ఈవెంట్ కనపడగానే చాలామంది ఇదిగో కరెంటు సమస్యే అని తీర్పు చెప్పేస్తారు, దాని పేరులో పవర్ అనే మాట ఉంది కాబట్టి. సర్వర్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే దాని పని. లోపల బగ్‌చెక్ కోడ్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే కరెంటు తెగిపోవడమో, సర్వర్ పూర్తిగా బిగుసుకుపోవడమో, లేదా ఎవరో బటన్ నొక్కి ఆపడమో అయ్యుండాలి. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే నీలి తెర వచ్చినట్టు, అప్పుడు పక్కనే 1001 ఈవెంట్ కూడా దొరకాలి. డీ1 అన్నది హెక్సా లెక్కలోది, మామూలు అంకెల్లో అది 209. ఈవెంట్ 41లో 209 కనిపిస్తే యూపీఎస్ దుకాణానికి వెళ్లే పని లేదు.

డంప్‌ను విన్‌డీబీజీ అనే ఉచిత సాధనంతో తెరిచి విశ్లేషణ కమాండ్ ఇస్తే కాల్ స్టాక్ వస్తుంది, అంటే కూలే ముందు ఏ కోడ్ ఏ కోడ్‌ను పిలిచిందో వరుస. అక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. పైన ఎన్‌డీఐఎస్, టీసీపీఐపీ అనే పేర్లు కనిపిస్తాయి. ఇవి విండోస్ సొంత నెట్‌వర్క్ భాగాలు, వీటిని కోట్ల యంత్రాల్లో వాడుతున్నారు, వీటిలో తప్పు ఉండదని కాదు గానీ అవకాశం తక్కువ. స్టాక్‌లో ఇంకాస్త కిందకు దిగి, కార్డు కంపెనీ డ్రైవర్ పేరో, యాంటీవైరస్ వాళ్లు నెట్‌వర్క్ దారిలో కూర్చోబెట్టిన ఫిల్టర్ పేరో ఉందేమో చూడాలి. యాంటీవైరస్, వీపీఎన్ ఫిల్టర్లు కార్డు డ్రైవర్‌కు సమానంగా అనుమానితులే. ఒక్క డంప్ చూసి తేల్చకూడదు. మూడు డంపుల్లో ఒకే డ్రైవర్, ఒకే చోటు వస్తే అప్పుడు గట్టిగా మాట్లాడొచ్చు.

పేరు వచ్చినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదని లైనక్స్ ప్రపంచం 2008లో తెలుసుకుంది. 2.6.27 కెర్నల్ పరీక్ష దశలో ఉండగా ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్ వాడే కార్డులు ఉన్నట్టుండి పనికిరాకుండా పోసాగాయి. కార్డులోని శాశ్వత మెమరీయే చెరిగిపోతోంది. అందరి వేళ్లూ ఆ డ్రైవర్ వైపే. చివరికి తేలింది ఏమిటంటే, కెర్నల్‌లో పని తీరును గమనించడానికి పెట్టిన ఎఫ్‌ట్రేస్ అనే భాగం, అప్పటికే వదిలేసిన ఒక చిరునామాలో రాస్తోంది. ఆ చిరునామా ఈలోగా నెట్‌వర్క్ కార్డుకు దక్కింది. గోదాములో పాత చీటీ కథే, ఈసారి దెబ్బ తిన్నది కార్డు.

దొంగను పనిలో ఉండగానే పట్టుకోవాలంటే విండోస్‌లో డ్రైవర్ వెరిఫైయర్ ఉంది. అనుమానం ఉన్న డ్రైవర్‌ను దానికి అప్పగిస్తే, ఆ డ్రైవర్ తీసుకునే మెమరీకి పక్కన ముట్టుకోరాని పేజీ పెడుతుంది. ఒక్క బైటు దాటినా అక్కడికక్కడే నీలి తెర వస్తుంది, పేరుతో సహా. రెండు రోజుల తర్వాత వేరే చోట కూలడం కాకుండా తప్పు జరిగిన క్షణంలోనే కూలుతుంది. సర్వర్ నెమ్మదిస్తుంది, కొన్నిసార్లు బూట్ కాకుండానే పడిపోతుంది. అప్పుడు సేఫ్ మోడ్‌లోకి వెళ్లి తీసేయాలి. కాబట్టి మిల్లు నడిచే రోజున దీన్ని ముట్టుకోకూడదు, సెలవు రోజున బ్యాకప్ తీశాకే.

లైనక్స్ సర్వర్లలో పరిస్థితి కొంత వేరు. డ్రైవర్ తప్పు ప్రతిసారీ ప్యానిక్ దాకా వెళ్లదు. ముందు లాగ్‌లో నెట్‌డెవ్ వాచ్‌డాగ్ అనే హెచ్చరిక, ఫలానా క్యూ టైమవుట్ అయిందని వస్తుంది. ఈ1000ఈ కార్డుల్లో అయితే హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్ అనే వరుస వస్తుంది. పంపమని ఇచ్చిన ప్యాకెట్లను కార్డు ఎంతసేపటికీ పంపలేదని దాని అర్థం. అప్పుడు డ్రైవర్ కార్డును రీసెట్ చేస్తుంది, అంటే పైన చెప్పిన ఆ బలహీనమైన దారిలోకే మళ్లీ వెళ్తుంది. ప్యానిక్ వస్తే చివరి వరుసలు డిస్క్ మీదకు చేరే అవకాశం తక్కువ, ఎందుకంటే రాయాల్సిన కెర్నలే పడిపోయింది. దీనికి కెడంప్ ఏర్పాటు చేసుకోవాలి. ముందే కొంత మెమరీ పక్కన పెట్టి అందులో ఇంకో చిన్న కెర్నల్‌ను సిద్ధంగా ఉంచుతారు, మొదటిది పడిపోగానే రెండోది లేచి మొదటిదాని మెమరీని కాపీ చేస్తుంది. ఆ కాపీ సర్వర్ సొంత డిస్క్ మీదకే రావాలి. నెట్‌వర్క్ మీద వేరే యంత్రానికి పంపేలా పెడితే, పడగొట్టిన ఆ డ్రైవర్ మీదే ఆధారపడినట్టవుతుంది. లాగ్‌ను నెట్‌వర్క్ మీద పంపే నెట్‌కన్సోల్‌కూ ఇదే ఇబ్బంది. సీరియల్ కన్సోల్, లేదా సర్వర్ బోర్డు మీద విడిగా ఉండే మేనేజ్‌మెంట్ పోర్టు నమ్మదగినవి. బయాస్‌లో, అంటే సర్వర్ ఆన్ కాగానే తెరవగల సెట్టింగుల్లో, ఐఓఎంఎంయూ ఆన్ చేయడం కూడా మంచిది. కార్డు తనకు హక్కు లేని చోట రాయబోతే హార్డ్‌వేరే అడ్డుకుంటుంది, ఏ కార్డో లాగ్‌లో చెబుతుంది.

కార్డు చెడిందా, డ్రైవర్ చెడిందా అన్న ప్రశ్న దాదాపు ప్రతిసారీ వస్తుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండ ఉండే జిల్లాలో వేడిని పూర్తిగా కొట్టిపారేయలేం. అదే మోడల్ కొత్త కార్డు వేసి చూడటం వల్ల సగం జవాబే వస్తుంది, ఎందుకంటే కొత్త కార్డుకూ అదే పాత డ్రైవర్ దొరుకుతుంది. వేరే కంపెనీ చిప్ ఉన్న కార్డు వేసి, బోర్డు మీది పాత పోర్టును బయాస్‌లోనే ఆపేయాలి. అప్పుడు క్రాషులు ఆగితే అనుమానం పాత కార్డు, దాని డ్రైవర్ జంటకు కుదించుకుపోతుంది. రాత్రి చల్లటి వేళ కూడా పడిపోతోందా అన్నది మామూలు డైరీలో రాసుకున్న టైమే చెబుతుంది.

కార్డు వేరే దొరకకపోతే, కార్డుకు అప్పగించిన అదనపు పనులు ఒక్కొక్కటిగా తీసేయొచ్చు. ప్యాకెట్లను ముక్కలు చేయడం, కలపడం, చెక్‌సమ్ లెక్కించడం లాంటివి ఈ రోజుల్లో ప్రాసెసర్ బదులు కార్డే చేస్తుంది, వీటిని ఆఫ్‌లోడ్ అంటారు. లైనక్స్‌లో ఈథ్‌టూల్‌తో, విండోస్‌లో అడాప్టర్ అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో వీటిని ఆపొచ్చు. ఈ1000ఈ హ్యాంగ్‌లు చాలామందికి టీఎస్‌ఓ, అంటే ప్యాకెట్లను ముక్కలు చేసే ఆఫ్‌లోడ్, ఆపాకే తగ్గాయి. విండోస్‌లో వర్చువల్ యంత్రాలు నడిపే హైపర్-వీ మీద కొన్ని బ్రాడ్‌కామ్ గిగాబిట్ కార్డుల్లో వర్చువల్ యంత్రాలకు నెట్‌వర్క్ పోతుంటే వీఎంక్యూ అనే సదుపాయం ఆపడమే మందు అయింది. విద్యుత్ ఆదా సెట్టింగులనూ ఆపి చూడాలి. చిన్న ఆఫీసు లోడుకు ఇవి లేకపోయినా వేగంలో తేడా తెలియదు.

డ్రైవర్ మార్చే పని మొదలుపెట్టే ముందు ఇప్పుడున్న డ్రైవర్ వెర్షన్, కార్డులోని ఫర్మ్‌వేర్ (కార్డు లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ రెండూ రాసుకోవాలి. కొత్త డ్రైవర్ పాత ఫర్మ్‌వేర్‌తో పొసగకపోవడం మామూలే. సర్వర్ తయారీదారు ఫలానా డ్రైవర్‌కు ఫలానా ఫర్మ్‌వేర్ అని జంటగా ఇస్తే ఆ జంటనే వేయాలి. ఎప్పుడూ కొత్తదే మంచిదని కాదు. క్రాషులు ఏదైనా అప్‌డేట్ తర్వాతే మొదలైతే వెనక్కి వెళ్లడమే సరైన పని. చిప్ కంపెనీ డ్రైవర్, విండోస్‌తో వచ్చే డ్రైవర్ వేర్వేరు కావచ్చు, ఒకటి తేడా చేస్తే రెండోది వేసి చూడొచ్చు.

ఈ పనిని హైదరాబాద్ నుంచి రిమోట్‌లో చేయబోయి చేతులు కాల్చుకునేవాళ్లు ఎందరో. నెట్‌వర్క్ డ్రైవర్ మార్చేటప్పుడు నెట్‌వర్క్ పోతుంది, దానితో రిమోట్ సెషనూ పోతుంది. తిరిగి రాకపోతే వంద కిలోమీటర్లు బస్సెక్కాల్సిందే. ఇంకో ఉచ్చు కూడా ఉంది. కార్డు మారితే విండోస్ దాన్ని కొత్త అడాప్టర్‌గా గుర్తించి ఆటోమేటిక్ ఐపీ ఇస్తుంది. పాత స్థిరమైన ఐపీ, కనపడకుండా దాగిన పాత అడాప్టర్ పేరు మీదే ఉండిపోతుంది. కాటా కంప్యూటర్ పాత చిరునామాకు తలుపు కొడుతూనే ఉంటుంది. లైనక్స్‌లో అయితే పోర్టు పేరే మారిపోవచ్చు. ఐపీ, గేట్‌వే, డీఎన్‌ఎస్ కాగితం మీద రాసుకుని, సర్వర్ ముందు కీబోర్డు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టాకే మొదలుపెట్టాలి.

మార్చాక తగ్గిందని ఎప్పుడు చెప్పొచ్చు? సగటున వారానికోసారి, ముందువెనుకలు లేకుండా పడిపోయే సర్వర్, ఏమీ మార్చకపోయినా ఒక వారం నిశ్శబ్దంగా ఉండే అవకాశం నూటికి 37 దాకా ఉంటుంది. మూడు వారాలు నిశ్శబ్దంగా ఉండే అవకాశం 5కు పడిపోతుంది. కాబట్టి వారం తర్వాత బిల్లు ఇచ్చి వెళ్లిపోవడం తొందరపాటు. ఆ మూడు వారాల్లో ఇంకేదీ మార్చకూడదు, మారిస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు.

లింకు రాకపోకల వల్లే పడిపోతోందన్న అనుమానం ఉన్నప్పుడు అన్ని రోజులు ఆగే పని కూడా లేదు. స్విచ్‌ను యూపీఎస్‌కు మార్చితే క్రాషులు ఆగిపోవచ్చు, అది చేయాల్సిన పనే. కానీ లోపం లోపలే ఉంటుంది, ఎప్పుడో ఒక ఎలుక కేబుల్ కొరికిన రోజున మళ్లీ లేస్తుంది. ఆదివారం, కాటా బంద్ ఉన్నప్పుడు, బ్యాకప్ తీసి, పాత డ్రైవర్‌తోనే మొదలుపెట్టాలి. ఇంకో కంప్యూటర్ నుంచి ఐపెర్ఫ్ అనే నెట్‌వర్క్ పరీక్ష సాధనంతో లైను నిండా డేటా పంపుతూ, సర్వర్ కేబుల్ పీకి ఐదు సెకన్లు ఆగి పెట్టాలి. మళ్లీ పీకాలి, పెట్టాలి, యాభై సార్లయినా. ప్రతిసారీ ఒక గీత గీసుకోవాలి. నీలి తెర వస్తే అది ఎన్నో గీత దగ్గర వచ్చిందో రాసి, డంప్ దాచి, కొత్త డ్రైవర్ వేసి, అదే కేబుల్‌తో, అదే లోడుతో, ఆ గీతలకు మూడింతలు మళ్లీ గీయాలి.